మేజోడు తొడుక్కున్న సుత్తి

సూర్యభగవానుడు ఎదురింటి నీళ్ళ ట్యాంకనే ఉదయపర్వతాన్ని ఎక్కీ ఎక్కకముందే, పాలడబ్బాల దుందుభులు మెట్లమీద మోగి చల్లారిన శుభసమయాన, ఆరేసిన బట్టలే ధ్వజపతాకలుగా, తుప్పుపట్టిన ఊచలే ప్రాకారంగా, బోర్లించిన ప్లాస్టిక్ బకెట్టే కోటబురుజుగా వెలుగొందే రెండో అంతస్తు బాల్కనీని ఆనుకుని ఉన్న గదిలో, మోకాళ్ళనొప్పిధారిణి, చత్వారభూషణ, పరప్రయాణభీతచిత్త అయిన అమ్మమ్మ పీట వేసుకుని కూర్చుని, మనుమరాలి నీలిరంగు సంచి సర్దుతోంది.

ప్రయాణం రేపో ఎల్లుండో అనుకునేరు. ఇంకా వారం ఉంది. కాని ఎవరు ఎక్కడికి వెళ్ళినా వారం ముందు సంచి నోరు తెరవకపోతే ఈ వీరమాతకు అన్నం సయించదు. తెల్ల ప్యాంట్లు మడతపెట్టింది. చొక్కాలు మడతపెట్టింది. సబ్బు, దువ్వెన, దగ్గుమందు, అది పనిచెయ్యకపోతే ఇంకో దగ్గుమందు పెట్టింది. సంచి జిప్పు గొలుసు సగందాకా లాగి ఆగింది. తలుపువైపు చూసింది. వంటగదిలో కూతురు గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అప్పుడా సాహసాంగన, రెప్పపాటు కాలంలో, మోకాలిదాకా వచ్చే పొడవాటి తెల్ల మేజోళ్ళ జతలోంచి ఒక్కదాన్ని పైకి లాగి, కొంగుకింద దాచి, ఏమీ ఎరగనట్టు గొలుసు పూర్తిగా మూసేసింది.

ఈ చౌర్యం వెనక ఒక శాస్త్రం ఉంది. అది ఏ గ్రంథంలోనూ లేదు, అమ్మమ్మ తనకు తానే కనిపెట్టుకున్నది. ఇల్లు విడిచి వెళ్ళేవాళ్ళ వస్తువు ఒకటి ఇంట్లో మిగిలిపోవాలి. మిగిలితే, దానికోసమైనా వాళ్ళు వెనక్కి రాక తప్పదు. అల్లుడు లారీ తోలుకుంటూ దూరాలు పోతాడు. గడ్డం గీసుకునే బ్రష్షు ప్రతిసారీ అలమారలో మిగిలిపోతుంది. పొదలాంటి గడ్డంతో ప్రతిసారీ ఇల్లు చేరతాడు. కూతురు ఆసుపత్రిలో నర్సు, డ్యూటీకి వెళ్ళే ప్రతిరోజూ ఆవిడ సంచిలోంచి ఏదో ఒకటి, ఒకరోజు పెన్ను, ఒకరోజు చేతిరుమాలు, మాయమవుతుంది, ప్రతిరోజూ తిరిగొస్తుంది. ఇన్నేళ్ళుగా ఈ శాస్త్రం తప్పిందిలేదు. ఏమీ మిగల్చకుండా ఆ గుమ్మం దాటిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆ సంగతి అమ్మమ్మ ఎత్తదు.

ఇక మనుమరాలు. చూడటానికి గుప్పెడంత ఉంటుంది కాబట్టి ఇంట్లో అందరికీ పిచ్చుక. కాని బ్యాటు పట్టిందంటే ఆ పిచ్చుక ముందు బంతులు గింజల్లా చెదిరిపోతాయి. వేరే ఊళ్ళో, హాస్టల్లో ఉంచి ఆట నేర్పే శిక్షణశాలవారు పిలిచారు. వెళ్ళిన మర్నాడే పోటీ ఆట. అందులో బాగా ఆడినవాళ్ళను ఉంచుకుంటారు, మిగిలినవాళ్ళను సాయంత్రం బస్సెక్కిస్తారు. పిచ్చుక పాత బ్యాటు పిడిదాకా చీలిపోయి తాడుచుట్టుతో బతుకుతోంది. కొత్తది వచ్చింది. అదే మన కథలో ప్రతినాయకుడు.

తెల్లగా, నున్నగా, అవిసెనూనె పూసుకుని నిగనిగలాడుతూ అది బాల్కనీ గోడకు ఆనుకుని నిలబడింది. పిచ్చుక దాని ముఖం మీద బొటనవేలి గోరు అదిమి చూపించింది. గుంట పడింది.

"చూశావా అమ్మమ్మా, ఎంత మెత్తగా ఉందో. దీన్ని ఇలాగే పట్టుకెళ్తే మొదటి బంతికే చీలిపోతుంది. సుత్తితో కొట్టి కొట్టి గట్టిచెయ్యాలి. నాకేమో పరీక్షలు, సాయంత్రం ప్రాక్టీసు."

"కొడితే గట్టిపడుతుందా?"

"ముందు మెల్లగా, తర్వాత గట్టిగా. గంటలకొద్దీ కొట్టాలి."

"ఈ సంగతి మీ అమ్మను పెంచేటప్పుడు నాకెవరూ చెప్పలేదే."

డ్యూటీకి బయల్దేరుతూ బూట్లు వేసుకుంటున్న కూతురు తలెత్తలేదు. "చెప్పకపోయినా కొట్టావులే. గట్టిపడ్డాను కదా."

"ఇలా తే ఆ సుత్తి," అంది అమ్మమ్మ.

"చేతులు నొప్పిపుడతాయే అమ్మమ్మా."

"నొప్పిపుట్టడానికి ఒంట్లో కొత్తగా చోటేం మిగిలిందనీ? తే."

ఆ విధంగా, ఏ శంఖమూ ఊదకుండానే, కుక్కర్ ఈల ఒక్కటే జయధ్వానంగా, దారుసమరం ఆరంభమయింది.

అమ్మమ్మ చదువు బడిలో నేర్చింది కాదు. పొట్లాం కట్టిన కాగితాలు విప్పి, అక్షరం అక్షరం కూడబలుక్కుని, చివరికి లావుపాటి పురాణాలదాకా ఒంటరిగా నడిచి వెళ్ళిన మనిషి. అందుచేత, ఎదురుగా మనుషులు లేనప్పుడు ఆవిడ నోట పలికే తెలుగుకు కిరీటం ఉంటుంది. బాల్కనీలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో తువ్వాలు పరిచి, దానిమీద బ్యాటును వెల్లకిలా పడుకోబెట్టి, చెక్కసుత్తిని గదాదండంలా పైకెత్తి, ఇలా అంది:

"ఓరీ ధవళకాష్ఠాధమా, స్నిగ్ధముఖా, తైలగర్వితా! నూనె రాసుకున్నంత మాత్రాన వీరుడివైపోయానని విర్రవీగుతున్నావు కాబోలు. నా మనుమరాలి చేతుల్లో చేరి, రాతిగుండెల బంతుల్ని ఎదుర్కోవలసినవాడివి, వేలిగోటికే లొంగిపోతావా? నేడు నీ మెత్తదనాన్ని మర్దించి, నీ అంచుల పొగరు అణచి, నిన్ను వజ్రసమానుణ్ణి చేయకపోతే ఈ సుత్తికి పిడి లేదు, నాకు పట్టు లేదు."

బ్యాటు బదులు చెప్పలేదు. సుత్తి దిగింది. టక్. మళ్ళీ టక్. ఆ మహానాదం గోడల్లోకి ఇంకి, నీళ్ళగొట్టాల వెంబడి పైకి పాకి, మూడో అంతస్తు నేలను కదిలించింది. పావురాలు లేచిపోయాయి. ఇంకాసేపటికి మెట్లమీద చెప్పుల చప్పుడయింది.

దిగి వచ్చినవాడు పైవాటా కాపలాదారు. రాత్రంతా ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి, తెల్లారాక ఇంటికొచ్చి పడుకునే మనిషి. జుట్టు రేగిపోయి, ఒక కన్ను ఇంకా నిద్రలోనే ఉంది.

"మామ్మగారూ, ఏమీ అనుకోకండి. పగలు నాకు రాత్రండీ. కాస్త కన్ను మూశానో లేదో నెత్తిమీద ఎవరో మేకులు దిగ్గొడుతున్నట్టుంది."

"నువ్వు పైన కదా బాబూ ఉంటున్నది. నీ నెత్తిమీద నేనెలా కొడతాను?"

కాపలాదారు ఈ ప్రశ్న గురించి నిలబడే కొంచెం నిద్రపోయాడు. "అదేనండి నాకూ అర్థం కాలేదు," అన్నాడు.

"వెళ్ళి పడుకో. చప్పుడు కానివ్వను. మాట."

మాట ఇచ్చేసింది. ఇప్పుడేం చెయ్యాలి? సుత్తికి ఏదైనా చుట్టాలి. తువ్వాలు చుడితే జారిపోయింది. గుడ్డపీలిక కడితే ఊడిపోయింది. అప్పుడు కొంగుకింద వెచ్చగా దాగి ఉన్న మేజోడు గుర్తొచ్చింది. పొడవైనది, దళసరిది, సాగేది. సుత్తి తలకు దానికోసమే నేసినట్టు సరిపోయింది. పైగా దాచిపెట్టడానికి అంతకన్నా మంచి చోటు ఎక్కడుంది? అంతఃపురాల్లో రహస్యాలు దాగినట్టు అది సుత్తికి అతుక్కుపోయింది. ధబ్. ధబ్. పరుపుమీద పిల్లి దూకినంత చప్పుడు. పావురాలు తిరిగొచ్చి వాలాయి.

ఇకనుంచి ప్రతి మధ్యాహ్నమూ అదే భీకరసంగ్రామం. అమ్మమ్మ ముఖం మీద కొట్టింది. అంచుల మీద, పిచ్చుక చెప్పినట్టు సుత్తిని వాలుగా పట్టి కొట్టింది. నేలను తాకే అడుగుభాగం మీద కొట్టింది. చెమట స్రవంతులై ప్రవహించింది, భుజం మొరపెట్టుకుంది, కళ్ళజోడు ముక్కు కొసదాకా తిరోగమించింది. ఎవరైనా దూరంనుంచి చూస్తే చేతులెత్తి నమస్కరించవలసిన దృశ్యం. దగ్గరికొచ్చి చూస్తే మాత్రం, ఒక ముసలావిడ బ్యాటుకు జోకొడుతోంది.

సాయంత్రం పిచ్చుక వచ్చి గోరు అదిమింది. గుంట.

"ఇంకా మెత్తగానే ఉందేమిటి?"

"మంచి చెక్కే అది. మంచివాళ్ళు అంత తొందరగా గట్టిపడరు."

మర్నాడూ గుంట. ఆ మర్నాడూ గుంట. పిచ్చుక మొహం ముడుచుకుంది, కాని అమ్మమ్మ భుజానికి రాసిన నొప్పిమందు వాసన చూసి ఇంకేమీ అనలేదు.

మేజోడు ఉన్నంతసేపు దెబ్బ చెక్కకు తగలదని అమ్మమ్మకు తెలియదా? తెలియదంటే అబద్ధం. తెలుసన్నా పూర్తి నిజం కాదు. ఆ విషయం ఆవిడ మనసులో తలుపు సందులోంచి చూస్తూ నిలబడింది. ఆవిడ లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. ఒకటి మాత్రం ఊహల్లో చాలాసార్లు చూసింది. పోటీ ఆట. మొదటి బంతి. బ్యాటు పెళ్ళున చీలడం. పిచ్చుక సాయంత్రం బస్సు దిగి, నీలిసంచి భుజాన వేసుకుని, ఏడుపు మొహంతో మెట్లెక్కి రావడం. ఆ మొహం తలుచుకుంటే గుండె తరుక్కుపోయేది. మెట్లెక్కి వస్తున్న చప్పుడు తలుచుకుంటే అదే గుండె కుదుటపడేది. ఛీ, అనుకునేది. అనుకుని సుత్తి ఇంకాస్త బలంగా ఎత్తేది. దిగేది మాత్రం మేజోడే.

ప్రయాణం ఇక మర్నాడు పొద్దున. ఆఖరి పరీక్ష రాసి పిచ్చుక మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. వస్తూనే నీలిసంచి మొత్తం మంచం మీద బోర్లించింది.

"అమ్మమ్మా, నా సాక్సు ఒకటి కనపడటం లేదు. పొడుగువి."

బాల్కనీలో ధబ్ మని వినపడి, ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే, విధి ఎంత చక్కగా ముహూర్తాలు పెడుతుందో చూడండి, వీధితలుపు దగ్గర దగ్గు వినిపించింది. కాపలాదారు. ఈసారి రెండు కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. చేతిలో టార్చిలైటు.

"మామ్మగారూ, మళ్ళీ వచ్చానని తిట్టకండి."

"చప్పుడు రానివ్వట్లేదు కదయ్యా."

"అదేనండి వచ్చిన చిక్కు. మొదటిరోజు టకాటకా కొట్టారు చూడండి, అదే నయం. ఒకపూట చిరాకు పడ్డా అలవాటైపోయేది. ఇప్పుడొస్తున్నది మెత్తటి చప్పుడు. కాసేపు వస్తుంది, ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. గోడదూకినవాడు చెప్పుల్లేకుండా నడిస్తే అలాగే ఉంటుంది. ఆ చప్పుడుకి లేవడానికే నాకు జీతం ఇస్తారండీ. రోజూ మంచం మీద లేచి కూర్చుని, ఎవడ్రా అని అరుస్తున్నాను. నిన్న మా ఆవిడ మీదే టార్చి వేశాను. పుట్టింటికి పోతానంటోంది."

పిచ్చుక ఆయన మాట వింటూ బాల్కనీలోకి వచ్చింది. సుత్తిని చూసింది. సుత్తి తొడుక్కున్నదాన్ని చూసింది.

"అది నా సాక్సు," అంది.

కాపలాదారు గాలి మారిందని గ్రహించాడు. "నేను తర్వాత వస్తానులెండి."

"ఉండవయ్యా," అంది అమ్మమ్మ. "దొంగ దొరికాక కాపలావాడు వెళ్ళిపోతే ఎలా? కూర్చో."

ఆయన బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు.

పిచ్చుక బ్యాటు తీసుకుని గోరు అదిమింది. గుంట పడింది. దానిపక్కనే మళ్ళీ అదిమింది. పడింది. "ఇది తొడిగి కొడితే దెబ్బ తగలదు కదా అమ్మమ్మా."

"తెలుసు."

"చీలిపోతే నన్ను ఉంచుకోరు. పంపించేస్తారు."

"అదీ తెలుసు."

ఇంత గొప్ప భాష వచ్చిన మనిషికి ఆ రెండు మాటలే మిగిలాయి. పిచ్చుక బ్యాటు గోడకు ఆనించి, నేలమీద, అమ్మమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"నాన్న బ్రష్షు నువ్వే దాస్తావని నాన్నకు తెలుసు. లారీలో ఇంకోటి ఉంది. నీకు చెప్పొద్దన్నాడు."

అమ్మమ్మ నోరు తెరిచింది. తన శాస్త్రం పునాది కింద ఒక రాయి జారినట్టయింది. "మరి గడ్డంతో ఎందుకొస్తాడూ?"

"నీకోసమే." పిచ్చుక మేజోడు కొసను వేలికి చుట్టుకుంటూ అడిగింది. "తాతయ్య ఏం మర్చిపోయాడు?"

వీధిలో ఎవరో సైకిలుకు గాలి కొడుతున్నారు. అది ఆగేదాకా అమ్మమ్మ ఒళ్ళో తువ్వాలు ముడతలు సరిచేసింది.

"కళ్ళజోడు."

"మరి?"

"వీధి చివరిదాకా వెళ్ళాక గుర్తొచ్చింది. వెనక్కొచ్చి, నా చేతిలోంచి తీసుకుని, నవ్వి, వెళ్ళారు. ఇంకేమీ మర్చిపోలేదు."

కాపలాదారు టార్చిలైటు ఒకసారి వెలిగించి ఆర్పాడు, చేతికి పని ఉండాలి కనుక.

"నాకు సెలవులిస్తారు అమ్మమ్మా," అంది పిచ్చుక చివరికి. "ఏ నెలలోనో కూడా చెప్పారు. సాక్సు ఉన్నా లేకపోయినా ఇస్తారు."

అమ్మమ్మ మనుమరాలి నెత్తిమీద చెయ్యి పెట్టింది. తర్వాత సుత్తి తలనుంచి మేజోడును, పాము కుబుసం లాగినట్టు లాగి, దులిపి, ఆ పిల్ల ఒళ్ళో వేసింది. కళ్ళజోడు పైకి తోసుకుంది.

"నువ్వు వెళ్ళి పడుకో నాయనా. ఇవాళ మెత్తగా ఉండదు."

"బ్రహ్మాండంగా కొట్టండి మామ్మగారూ," అని కాపలాదారు నమస్కారం పెట్టి మెట్లెక్కాడు.

వినండి ఇక. ఏ పురాణమూ చెప్పని యుద్ధాన్ని వినండి. నిరావరణమైన ఆ దారుగద, ఆచ్ఛాదన తొలగిన ఖడ్గంలా మెరిసి, అపరాహ్ణసూర్యుని సాక్షిగా లేచి, దిగింది. టక్. అంతస్తులు మూడూ ప్రతిధ్వనించాయి. టక్. ఆరేసిన బట్టల క్లిప్పులు వణికాయి. టక్. వీధికుక్క ఒకటి తలెత్తి, ఇది తన స్థాయి వ్యవహారం కాదని మళ్ళీ పడుకుంది. ఇంతకాలం జోకొట్టించుకుని సుఖాలకు మరిగిన ఆ శ్వేతకాష్ఠం, తన మీద పడుతున్నది ఈసారి నిజమైన దెబ్బ అని తెలుసుకుని, మొదట మొద్దుగా మూలిగి, తర్వాత గొంతు సవరించుకుని, క్రమక్రమంగా లోపలెక్కడో ఒక పలుకు పలకసాగింది. మూడో అంతస్తునుంచి, ఆ రణఘోషకు శ్రుతి కలుపుతూ, మొట్టమొదటిసారి గురక వినిపించింది.

అమ్మమ్మ భుజం పడిపోతే పిచ్చుక అందుకుంది. పిచ్చుక అరచేయి కందిపోతే, డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన కూతురు బూట్లు విప్పకుండానే అందుకుంది.

"ఎవరి మీద కోపమే నీకు, అలా బాదుతున్నావు?" అంది అమ్మమ్మ.

"వార్డులో ఒకాయన ఉన్నాడులే. నువ్వు చెయ్యి నొక్కుకో."

మళ్ళీ అమ్మమ్మ వంతు. అంచులు వాలుగా, ముఖం నిటారుగా, అడుగు మెల్లగా. టీ చల్లారింది, ఎవరూ తాగలేదు. వీధిదీపాలు వెలిగే వేళకు పిచ్చుక చెయ్యెత్తి ఆపింది. ఊపిరి బిగబట్టి బొటనవేలి గోరు అదిమింది. తీసింది. ముగ్గురూ వంగి చూశారు. ముగ్గురి తలలూ ఢీకొన్నాయి.

గుంట లేదు.

"ఇంకా బంతి పరీక్ష ఉంది," అంది పిచ్చుక. "పాత బంతి వేసి చూడాలి. బంతి కుట్టు ముద్ర చెక్కమీద పడకూడదు."

మెట్ల కింద ఖాళీ జాగా ఉంది. సైకిళ్ళు పక్కకు జరిపారు. కంటినిండా నిద్రపోయి, యూనిఫారం వేసుకుని డ్యూటీకి దిగివస్తున్న కాపలాదారు చేతిలో పాత ఎర్రబంతి పెట్టారు. పిచ్చుక బ్యాటు తీసుకెళ్ళి అమ్మమ్మ చేతుల్లో పెట్టింది.

"నేనా?"

"నువ్వు కొట్టిన బ్యాటు. నువ్వే పట్టుకో."

అప్పుడు చూడాలి ఆ రణరంగాన్ని. ఒక వైపు కాపలాదారు, రాత్రిచరమర్దనుడు, ఇత్తడిబొత్తాలశోభితుడు. మరోవైపు అమ్మమ్మ, చీరకుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, బ్యాటును చీపురులా పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని.

"కళ్ళు తెరువమ్మా," అంది కూతురు.

"తెరిస్తే కనిపిస్తుందే."

బంతి వచ్చింది. వచ్చిందనడం కూడా గొప్పే. కాపలాదారు దాన్ని పసిపిల్లను ఉయ్యాల్లో వేసినట్టు వేశాడు. అది ఒకసారి నేలను తాకి, దారి వెతుక్కుని, తానే వెళ్ళి బ్యాటుకు తగిలింది. టంగ్. సుత్తి చప్పుడు కాదు, జోల చప్పుడు కాదు. మంచి కంచుగిన్నె పలికినట్టు ఒక్క పలుకు. బంతి దొర్లుతూ వెళ్ళి సైకిలు చక్రం దగ్గర ఆగింది. పరుగు ఒక్కటీ రాలేదు. ఎవరూ అవుట్ కాలేదు. పిచ్చుక బ్యాటు లాక్కుని దీపం కింద పెట్టి చూసింది. తెల్లటి ముఖం మీద పల్చటి ఎర్ర మరక ఉంది. కుట్టు ముద్ర లేదు, చీలిక లేదు.

కనుక, దిక్కులన్నీ వినేట్టు చాటడమేమంటే: దారుసమరమున జయము అమ్మమ్మదే. అపహరించిన రాజ్యం లేదు, కూల్చిన కోట లేదు. ఒక చెక్కముక్క మీద గోటి గుంట పడలేదు, అంతే. ఆ అంతకే విజేత రెండు చేతులూ పైకెత్తలేకపోయింది. ఎడమచెయ్యి ఒక్కటే ఎత్తింది.

మర్నాడు పొద్దున అమ్మమ్మ మేజోళ్ళు రెండూ కలిపి చుట్టి తానే సంచిలో పెట్టింది. ఈసారి తలుపువైపు చూడలేదు. గొలుసు ఈ కొసనుంచి ఆ కొసదాకా లాగింది. బస్సు కదిలేదాకా మాట్లాడింది దగ్గుమందుల గురించే. ఇంటికొచ్చి గదులన్నీ తిరిగి చూసింది. మంచం కింద, అలమారలో, తలుపు వెనక, ఏమీ మిగల్లేదు. బాల్కనీలోకి వెళ్ళింది.

కుర్చీలో సుత్తి ఉంది. దానికి తెల్లటి మేజోడు తొడిగి ఉంది. సంచి మళ్ళీ ఎప్పుడు తెరిచిందో ఆ పిల్ల.

బ్యాటు పోటీలో చీలలేదు. పిచ్చుకను ఉంచుకున్నారు. సెలవులకు ఇంటికొచ్చింది, ఒక కాలికి తెల్ల మేజోడు, ఒక కాలికి నీలిది వేసుకుని. అల్లుడు గడ్డంతో వస్తూనే ఉన్నాడు. కూతురు రోజూ వస్తూనే ఉంది.

అమ్మమ్మ భర్త తిరిగి రాలేదు. కూతురు ఆరోతరగతి చదువుతున్న ఏడు, జూన్ నెలలో, ఒక సోమవారం పొద్దున, ఏటిమీద వంతెన పనికని వెళ్ళాడు.